సున్నా బైట్ల లాగ్ ఫైలు

పొద్దున్నే లేచి మొహం కూడా కడుక్కోకుండా ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే లాగ్ ఫైలు సైజు సున్నా బైట్లు.

రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి వదిలేసిన పైథాన్ స్క్రిప్ట్ అది. మూడు వందల చిల్లర పెద్ద టెక్స్ట్ ఫైళ్ళు, ఒక్కోదాన్ని చదివి, చెత్త తీసేసి, దూరంగా ఉన్న ఒక సర్వర్‌కి పంపాలి. ఒక్కోదానికి దాదాపు ఐదు నిమిషాలు పడుతుంది, పంపడం అయిపోగానే ఫైలు పేరు, ఎన్ని వరసలు వెళ్ళాయి, టైం ఎంతైంది అని ఒక లైను ప్రింట్ చేస్తుంది. ఏది వెళ్ళింది, ఏది వెళ్ళలేదు అనేదానికి నా దగ్గరున్న లెక్క ఆ లైన్లు మాత్రమే. అవన్నీ ఒక ఫైల్లో పడాలని కమాండ్ చివర > పెట్టి లాగ్ పేరు ఇచ్చా, ఎర్రర్లు కూడా అందులోకే రావాలని 2>&1 చేర్చా, ఆఖర్న & కొట్టి, అంటే వెనకాల నడుస్తూ ఉండమని చెప్పి, పడుకున్నా. ఎనిమిది గంటలు గడిచాక చూస్తే ఒక్క అక్షరం లేదు.

ప్రాసెస్ లిస్టులో చూస్తే స్క్రిప్ట్ బతికే ఉంది. ఎక్కడో ఇరుక్కుపోయింది, రాత్రంతా ఊరికే కూర్చుంది అనుకున్నా. టెన్షన్‌లో ఇంకేమీ ఆలోచించకుండా ప్రోగ్రాంని బలవంతంగా ఆపేసే కిల్ మైనస్ 9 కొట్టేశా. తర్వాత సర్వర్ వైపు చూస్తే 96 ఫైళ్ళు చక్కగా చేరి ఉన్నాయి. స్క్రిప్ట్ తన పని తాను చేసుకుంటూనే ఉంది, 96 లైన్లు ప్రింట్ కూడా చేసింది, ఆ లైన్లన్నిటినీ నేనే నా చేత్తో చంపేశా. ఏ 96 అనేది సర్వర్ వైపు నుంచి ఒక్కోటి వెతికి పట్టుకోవడానికి సగం రోజు పోయింది.

ఈ పోస్టు ఆ సగం రోజు మీద కోపంతో రాస్తున్నా. ప్రింట్ చేసిన మాటల్ని ఇంకో చోటికి మళ్ళించడం అనేది ఏ స్క్రిప్టింగ్ భాష నేర్చుకున్నా రెండో వారంలోనే వచ్చే విషయం, నేనూ అప్పుడే నేర్చుకున్నా, నేర్చేసుకున్నా అనే అనుకున్నా. కోడ్ ముక్కలు పెట్టను, పక్కన కూర్చుని నోటితో చెప్పినట్టే చెప్తా, టైప్ చేసుకోవడం మీ పని.

నాకు ఇన్నేళ్ళూ అర్థం కానిది ఒకటే. అవుట్‌పుట్ అంటే ఒకే గొట్టం అనుకున్నా, ఈ చివర ప్రింట్ అంటే ఆ చివర పడుతుంది అని. నిజానికి మధ్యలో మూడు మజిలీలున్నాయి. పైన ఒక పేరు ఉంటుంది, పైథాన్‌లో అయితే సిస్ మాడ్యూల్‌లోని ఎస్‌టీడీఅవుట్. దాని కింద ఒక తొట్టి ఉంటుంది, అదే బఫర్. అన్నిటికంటే అడుగున ఒక నంబరు ఉంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలిసిందల్లా ఆ నంబరే, మామూలు అవుట్‌పుట్‌కి 1, ఎర్రర్లకి 2, లోపలికి వచ్చేదానికి 0. మనం మళ్ళించేటప్పుడు ఈ మూడింటిలో దేన్ని తిప్పుతున్నామో తెలియకపోతే నాకు పట్టిన గతే పడుతుంది.

నన్ను ముంచింది తొట్టి. ప్రింట్ అన్నంత మాత్రాన అక్షరాలు వెంటనే బయటికి పోవు, ముందు ప్రోగ్రాం సొంత మెమరీలో ఉన్న ఆ తొట్టిలో పడతాయి. అవతల ఉన్నది టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే స్క్రీన్, అని తెలిస్తే పైథాన్ లైను పూర్తయిన ప్రతిసారీ తొట్టి ఖాళీ చేస్తుంది, మనిషి చూస్తున్నాడు కదా అని. అవతల ఉన్నది ఫైలో పైపో (ఒక ప్రోగ్రాం రాసేది నేరుగా ఇంకో ప్రోగ్రాంలోకి పోయే దారి) అయితే ఆ మర్యాద ఉండదు, తొట్టి నిండేదాకా కదలదు. నేను వాడిన పైథాన్ వెర్షన్‌లో దాని సైజు 8192 బైట్లు. నా లైను ఒక్కోటి అటూ ఇటూగా 60 బైట్లు. 96 లైన్లకి 5760. ఇంకో నలభై లైన్లు వచ్చి ఉంటే నిండి పొర్లేది, అంటే నేను ఇంకో మూడున్నర గంటలు నిద్రపోయి ఉంటే లాగ్ కనిపించేది, పోస్టు రాయాల్సిన పనే ఉండేది కాదు. ఆ లైన్లు తెలుగులో ప్రింట్ చేసి ఉన్నా బహుశా తెల్లారకముందే నిండేది, అక్షరాల్ని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోదానికి 3 బైట్లు, పైనున్న గుణింతం గుర్తుకి విడిగా ఇంకో 3.

ఇది పైథాన్ చేసిన పాపం కాదు. సీ భాష లైబ్రరీ కూడా ఇదే పద్ధతి. తొట్టి నుంచి కిందికి వదిలిన ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమ్‌ని పిలవాలి, ఆ పిలుపు ఖరీదైనది, లక్ష లైన్లకి లక్షసార్లు పిలిచే బదులు కొంత కొంత పోగేసి పిలిస్తే పని వేగంగా అవుతుంది. లక్ష లైన్లు రాసే ప్రోగ్రాంకి అది సరైన నిర్ణయమే, ఐదు నిమిషాలకి ఒక లైను రాసే నా స్క్రిప్ట్‌కి మాత్రం శాపం.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. మైనస్ 9 కాకుండా మర్యాదగా మామూలు కిల్ కొట్టి ఉన్నా లైన్లు పోయేవే. మామూలు కిల్ పంపేది 15వ నంబరు సిగ్నల్, దాన్ని పట్టుకోవడానికి పైథాన్ తనంతట తాను ఏ ఏర్పాటూ చేసుకోదు, ప్రోగ్రాం అక్కడికక్కడ ఆగిపోతుంది, తొట్టి దాంతోపాటే పోతుంది. కంట్రోల్-సీ నొక్కితే వెళ్ళే 2వ నంబరు సిగ్నల్ వేరు. దాన్ని పైథాన్ ఒక ఎక్సెప్షన్‌గా, అంటే ప్రోగ్రాం లోపలే తలెత్తే ఎర్రర్‌గా, మార్చుకుంటుంది, ప్రోగ్రాం పద్ధతిగా ముగుస్తుంది, పోతూ పోతూ తొట్టి ఖాళీ చేస్తుంది. అంటే ఆ పొద్దున కిల్ మైనస్ 2 అని కొట్టి ఉంటే 96 లైన్లూ ఫైల్లో వచ్చి పడేవి. ఇంకో షెల్ స్క్రిప్ట్ (షెల్ అంటే మనం కొట్టే కమాండ్లని చదివి నడిపే ప్రోగ్రాం) లోపలి నుంచి & పెట్టి వదిలినదైతే మామూలుగా ఆ సిగ్నల్‌ని కూడా పట్టించుకోదు, అది ఇంకో గొడవ.

విరుగుడు చాలా చిన్నది, అందుకే ఇంకా ఒళ్ళు మండింది. స్క్రిప్ట్ నడిపేటప్పుడు పైథాన్ పక్కన మైనస్ యు అని పెడితే తొట్టి దగ్గర ఆగకుండా రాసింది రాసినట్టు కిందికి పోతుంది. కమాండ్ మార్చే వీలు లేని చోట పైథాన్‌అన్‌బఫర్డ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇస్తే అదే పని చేస్తుంది, దాన్ని మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో రాయాలి. ప్రింట్‌లోనే ఫ్లష్, అంటే తొట్టి ఖాళీ చెయ్యి, అని ఒక ఆర్గ్యుమెంట్ ఉంది, 3.3 వెర్షన్ నుంచి, దానికి ట్రూ ఇవ్వొచ్చు. చాలామంది ప్రతి ప్రింట్‌కీ అది తగిలిస్తారు, నాకు చూడ్డానికే చిరాకు, పైగా ఎక్కడో ఒకచోట మర్చిపోతాం. 3.7 నుంచి ఎస్‌టీడీఅవుట్‌కి రీకాన్ఫిగర్ అనే మెథడ్ వచ్చింది, ప్రోగ్రాం మొదట్లో ఒక్కసారి దాన్ని పిలిచి లైన్ బఫరింగ్ ఆన్ చేస్తే ఫైలైనా సరే లైనుకొకసారి ఖాళీ అవుతుంది. నేను ఇప్పుడు రాత్రిపూట నడిచే ప్రతి స్క్రిప్ట్‌లో పెడుతున్నది ఇదే, ఎందుకంటే మైనస్ యు పెట్టడం నేను మర్చిపోతా, కోడ్ మర్చిపోదు.

ఎర్రర్ల దారి కొంచెం మెరుగు. 3.9 వెర్షన్ నుంచి పైథాన్ స్టాండర్డ్ ఎర్రర్‌ని ఫైలుకి మళ్ళించినా లైనుకొకసారి వదిలేస్తోంది. అందుకే ఒకే లాగ్‌లోకి రెండూ పంపితే వరస తలకిందులవుతుంది, ఎర్రర్ ముందు కనిపిస్తుంది, దానికి దారితీసిన మామూలు లైన్లు కింద ఎక్కడో వస్తాయి. ఆ వరస చూసి ఏ ఫైలు దగ్గర పడిపోయిందో తేల్చుకుంటే తప్పు ఫైలుని అనుమానిస్తాం. చేశా ఆ పని కూడా.

ఇప్పుడు అడుగున ఉన్న నంబరు సంగతి. కమాండ్ లైన్లో > కొట్టినప్పుడు తిరిగేది అదే. ఫైలు తెరిచేది మన ప్రోగ్రాం కాదు, షెల్. ప్రోగ్రాం పుట్టకముందే షెల్ ఆ ఫైలు తెరిచి, 1 నంబరుకి తగిలించి, ఆ తర్వాతే ప్రోగ్రాంని నడుపుతుంది. నా లాగ్ ఫైలు ఖాళీగానైనా కనిపించింది అందుకే. ఒక ఫైలుని సార్ట్ చేసి అదే పేరుకి > పెడితే మొత్తం మాయమైపోయేదీ అందుకే, సార్ట్ చదవడం మొదలుపెట్టేలోపే షెల్ దాన్ని తుడిచేసి ఉంటుంది. సార్ట్‌కి మైనస్ ఓ అనే ఆప్షన్ ఉన్నది ఈ పనికే, అది మొత్తం చదివాకే రాస్తుంది. ఉన్న ఫైలు తుడుచుకుపోకుండా బాష్ అనే షెల్‌లో నోక్లాబర్ అనే సెట్టింగు ఉంది, అది ఆన్ చేస్తే > ఉన్న ఫైలుని ముట్టుకోదు, నిజంగా తుడవాలనుకుంటే >| అని రాయాలి. నేను రెండు రోజులు పెట్టుకుని తీసేశా, ఊపిరాడలేదు.

2>&1 ఎక్కడ పెట్టాలి అనేది నేను చాలాకాలం బట్టీ కొట్టి నడిపించిన విషయం. దాన్ని "2ని 1కి కలుపు" అని చదివితే ఎప్పటికీ అర్థం కాదు. "ఈ క్షణాన 1 ఎటు చూస్తోందో 2ని కూడా అటే తిప్పు" అని చదవాలి. ఈ క్షణాన అనేదే ముఖ్యం. షెల్ ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోతుంది. > లాగ్ 2>&1 అంటే ముందు 1 లాగ్ వైపు తిరిగింది, తర్వాత 2 దాని వెంట పోయింది, రెండూ లాగ్‌లోనే. అదే 2>&1 > లాగ్ అని తిరగేసి రాస్తే 1 ఇంకా స్క్రీన్ వైపు చూస్తుండగానే 2 దాన్ని చూసి స్క్రీన్ వైపు తిరిగిపోయింది, ఆ తర్వాత 1 లాగ్‌కి వెళ్ళినా 2కి పట్టదు. ఎర్రర్లు స్క్రీన్ మీదే పడతాయి. అలాంటప్పుడు పైపుకి ముందు 2>&1 రాస్తే ఎందుకు పనిచేస్తోంది అని అడిగితే, పైపు వేయడం అన్నిటికంటే ముందే జరిగిపోతుంది, 2>&1 చూసే సమయానికి 1 అప్పటికే పైపులో ఉంది.

అసలు ఈ 2 అనే రెండో దారి ఎందుకొచ్చిందో చెప్పే కథ నాకు భలే ఇష్టం. 1970లలో యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో ఫొటోటైప్‌సెట్టర్, అంటే అచ్చుకి అక్షరాలు కూర్చే మెషీన్, ఒకటి ఉండేది, దాని మీద డాక్యుమెంటు తీయాలంటే పొడవాటి కాగితం బయటికి లాగి, కంపుకొట్టే ఇంకో మెషీన్లో పెట్టి, కొన్ని నిమిషాలు ఎదురుచూస్తేగానీ అక్షరాలు కనిపించవు. ఒకరోజు మధ్యాహ్నం చాలామందికి ఒకే అనుభవం ఎదురైందట, అంత శ్రమా పడి తీస్తే కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఒకే ఒక్క లైను, ఫలానా ఫైలు తెరవడం కుదర్లేదు అని. ఎర్రర్ కూడా మామూలు అవుట్‌పుట్ దారిలోనే పోయి అందంగా అచ్చయింది. సణుగుడు వినాల్సినవాళ్ళ చెవిన పడింది, ఒకటి రెండు రోజుల్లో స్టాండర్డ్ ఎర్రర్ పుట్టింది. యాక్ అనే పార్సర్ టూల్ రాసిన స్టీఫెన్ జాన్సన్ చెప్పిన కథ ఇది. అప్పటికే పైపులు ఉన్నాయి, 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో పెట్టాడు, డగ్ మెకిల్‌రాయ్ వాటి కోసం ఏళ్ళ తరబడి పోరు పెట్టాక.

కాబట్టి నా పాలసీ, ఇంకొకరు చదివి వాడుకోవాల్సిన ఫలితం 1లోకి, నేను చూసుకోవడానికి పెట్టుకున్న కబుర్లు 2లోకి. "మొదలైంది", "సగం అయింది" లాంటివి ఎర్రర్లు కావు కదా అని వాటిని 1లోకి పంపేవాళ్ళున్నారు, తర్వాత ఆ ఫలితాన్ని పైపులో ఇంకో ప్రోగ్రాంకి ఇస్తే మధ్యలో ఈ కబుర్లు చొరబడి దాన్ని పాడుచేస్తాయి. ప్రోగ్రెస్ బార్ గీసే టీక్యూడీఎం లైబ్రరీ గీతలన్నీ 2లోకే పంపుతుంది, పైథాన్ లాగింగ్ మాడ్యూల్ కూడా అంతే. ఏదో ఆలోచించే అలా పెట్టారు.

పైనున్న పేరు దగ్గరికి వద్దాం. ప్రోగ్రాం లోపలి నుంచే మళ్ళించడం అంటే ఎక్కువమంది చేసేది దీన్ని తిప్పడమే. అన్నిటికంటే శుభ్రమైన దారి ప్రింట్‌కి ఫైల్ అనే ఆర్గ్యుమెంట్ ఇవ్వడం, ఈ ఒక్క ప్రింట్ ఫలానా ఫైల్లోకి అని చెప్పడం. పైథాన్ 2 కాలంలో దీనికి ప్రింట్ పక్కన >> పెట్టి తెరిచిన ఫైలు వస్తువు రాసే వింత పద్ధతి ఉండేది, షెల్ నుంచి ఎత్తుకొచ్చిన గుర్తు, 2008లో పైథాన్ 3 వచ్చి ప్రింట్ ఫంక్షన్‌గా మారాక అది పోయింది, పీడా పోయింది.

కానీ ప్రింట్ మనం రాసింది కాకపోతే? ఎవరో రాసిన ఫంక్షన్, లోపల ఇరవై ప్రింట్లు, దాన్ని ముట్టుకోకూడదు, అది చెప్పే మాటలు మాత్రం స్ట్రింగ్‌లో కావాలి. పాత పద్ధతిలో సిస్‌లోని ఎస్‌టీడీఅవుట్ పేరుకి ఫైలులా నటించే మన స్ట్రింగ్ఐఓ వస్తువుని అంటగట్టి, ఫంక్షన్ పిలిచి, తర్వాత పాతదాన్ని తిరిగి పెట్టేవాళ్ళం. మధ్యలో ఆ ఫంక్షన్ ఎక్సెప్షన్ విసిరితే తిరిగి పెట్టే లైను దాకా రానే రాదు. ఇంటరాక్టివ్ షెల్‌లో నాకిది జరిగింది, ఆ తర్వాత ఏం ప్రింట్ చేసినా నిశ్శబ్దం, కీబోర్డు పాడైందేమో అన్నంత పని అయింది. అసలు ఎస్‌టీడీఅవుట్‌ని పైథాన్ రెండు వైపులా రెండేసి అండర్‌స్కోర్లున్న పేరుతో ఇంకోచోట దాచి ఉంచుతుంది, దాన్నుంచి తెచ్చుకుంటే మళ్ళీ మాట వస్తుంది. ఇప్పుడు ఆ తిప్పలు అక్కర్లేదు, 2014లో 3.4 వెర్షన్‌తో కాంటెక్స్ట్‌లిబ్‌లోకి రీడైరెక్ట్_ఎస్‌టీడీఅవుట్ వచ్చింది, విత్ బ్లాక్‌లో పెడితే బయటికి రాగానే, ఎక్సెప్షన్‌తో వచ్చినా సరే, పాతది తిరిగి పెడుతుంది. ఎర్రర్లకి అలాంటిదే 3.5లో వచ్చింది.

ఇంతవరకూ బాగుంది అనుకుని వాడేస్తే రెండు చోట్ల దెబ్బతింటాం. మొదటిది, మనం తిప్పింది పేరుని మాత్రమే. ఆ పేరు వెనక ఉన్న అసలు వస్తువుని ఎవరైనా ముందే పట్టుకుని దగ్గర పెట్టుకుంటే వాళ్ళకి మన తిప్పుడు సంగతి తెలియదు. నేనే రాసిన ఒక రిపోర్టు ఫంక్షన్‌లో అవుట్ అని ఒక ఆర్గ్యుమెంట్ పెట్టి, దానికి డిఫాల్ట్‌గా సిస్ ఎస్‌టీడీఅవుట్ ఇచ్చా, ఎంత చక్కగా రాశానో అని మురిసిపోయా కూడా. పైథాన్ డిఫాల్ట్ విలువని ఫంక్షన్ నిర్వచించేటప్పుడే ఒకసారి లెక్కేసి దాచుకుంటుంది. తర్వాత నేను విత్ బ్లాక్‌లో పెట్టి ఎన్నిసార్లు పిలిచినా రిపోర్టు స్క్రీన్ మీదే పడింది. డిఫాల్ట్‌గా నన్ (అంటే ఏమీ లేదు) అని పెట్టి, ఎస్‌టీడీఅవుట్ ఏదో పిలిచినప్పుడు లోపల చూసుకోవాలి. లాగింగ్ హ్యాండ్లర్ కూడా అంతే, పుట్టినప్పుడు ఏ స్టాండర్డ్ ఎర్రర్ ఉందో దాన్నే పట్టుకుని ఉంటుంది.

రెండోది ఇంకా లోతు. ఒక లైబ్రరీ వాడాల్సొచ్చింది, లోపల గుండెకాయంతా సీలో రాసింది, అది పనిచేస్తూ స్క్రీన్ నిండా ఏవేవో కక్కుతోంది. రీడైరెక్ట్_ఎస్‌టీడీఅవుట్ పెట్టా, ఆగలేదు. పేరుకి నా స్ట్రింగ్ తగిలించానో లేదో మూడుసార్లు చూసుకున్నా, సరిగ్గానే ఉంది, స్ట్రింగ్ ఖాళీ, స్క్రీన్ మీద మాత్రం వరద. సీ కోడ్‌కి పైథాన్‌లో పేరు ఎటు తిరిగిందో ఎందుకు తెలుస్తుంది, అది నేరుగా 1 నంబరులోకి రాస్తుంది. మనం పిలిచే వేరే ప్రోగ్రాములూ అంతే, వాటికి వారసత్వంగా దక్కేది నంబర్లే. ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, వేరే ప్రాసెస్‌ల అవుట్‌పుట్ మీద దీని ప్రభావం ఉండదు, థ్రెడ్లున్న ప్రోగ్రాములకి కూడా పనికిరాదు, ఎందుకంటే పేరు ఒక్కటే, ఒక థ్రెడ్ తిప్పితే అందరికీ తిరుగుతుంది. చేతులు కాలాక చదివా.

అలాంటప్పుడు తిప్పాల్సింది నంబరునే. ఓఎస్ మాడ్యూల్‌లో డూప్ అని ఒకటి, డూప్2 అని ఒకటి ఉన్నాయి. డూప్‌తో ఇప్పటి 1కి ఒక నకలు తీసి పక్కన పెట్టుకోవాలి, డూప్2తో మన ఫైలు నంబరుని 1 మీదికి ఎక్కించాలి, పని అయ్యాక నకలుని మళ్ళీ 1 మీదికి ఎక్కించాలి. షెల్ 2>&1 చూసినప్పుడు లోపల చేసేది కూడా ఈ డూప్2 పనే. ఇక్కడ తొట్టి మళ్ళీ అడ్డొస్తుంది, నంబరు తిప్పే ముందు ఫ్లష్ చేయకపోతే అంతకుముందు ప్రింట్ చేసిన మాటలు తొట్టిలోనే ఉండి, నంబరు తిరిగాక నిదానంగా కొత్త ఫైల్లో పడతాయి. తిరిగి పెట్టే ముందు కూడా ఫ్లష్ చేయాలి. టెస్టులు నడిపే పైటెస్ట్‌లో ఈ రెండు రకాలూ విడివిడిగా ఉన్నాయి, క్యాప్‌సిస్ పేరు దగ్గర పడుతుంది, క్యాప్‌ఎఫ్‌డీ నంబరు దగ్గర పడుతుంది. రెండెందుకు, ఒకటి చాలదా అని ఏళ్ళ తరబడి అనుకున్నా.

వేరే ప్రోగ్రాంని మనమే పిలుస్తున్నప్పుడు ఇంత అవసరం లేదు, సబ్‌ప్రాసెస్‌లోని రన్‌కే చెప్పొచ్చు ఎటు పంపాలో. దానికి స్ట్రింగ్ఐఓ ఇస్తే మాత్రం ఫైల్‌నో లేదు అని తిడుతుంది, దానికి కావాల్సింది నంబరు, స్ట్రింగ్‌కి నంబరెక్కడిది. క్యాప్చర్_అవుట్‌పుట్ ట్రూ అంటే అదే పోగేసి ఇస్తుంది.

తెలుగు ప్రింట్ చేసేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. విండోస్‌లో స్క్రీన్ మీద చక్కగా కనిపించిన తెలుగు, > పెట్టి ఫైలుకి పంపగానే యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్ అని ప్రోగ్రామే కుప్పకూలుతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు కదా అని జుట్టు పీక్కుంటాం. 3.6 నుంచి పైథాన్ విండోస్ కన్సోల్‌తో యూనికోడ్‌లో బాగానే మాట్లాడుతోంది, అవతల ఫైలో పైపో ఉంటే మాత్రం సిస్టమ్ పాత కోడ్ పేజీకి, అంటే పాతకాలపు అక్షరాల పట్టికకి, పోతుంది, చాలా మెషీన్లలో అది 1252, అందులో తెలుగుకి చోటే లేదు. పైథాన్‌యూటీఎఫ్8 అనే వేరియబుల్‌కి 1 ఇస్తే సరిపోతుంది, 3.7 నుంచి ఉంది, లేదా ఇందాకటి రీకాన్ఫిగర్‌కే ఎన్‌కోడింగ్ కూడా చెప్పొచ్చు. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో అయితే > తన సొంత తెలివితో యూటీఎఫ్-16లో రాస్తుంది, మధ్యలో బైట్లని విప్పి మళ్ళీ కడుతుంది, ఆ కట్టడంలో తెలుగు చెదిరిపోతుంది. నా ఉద్దేశంలో దాచుకోవాల్సిన డేటాని అసలు > మీద వదలకూడదు, ప్రోగ్రాంలోనే ఫైలు తెరిచి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని నోరు తెరిచి చెప్పి రాసుకోవాలి. > లాగ్‌ల వరకు చాలు.

అవతల టెర్మినల్ ఉందా ఫైలుందా అని ప్రోగ్రాం కనుక్కునేది ఐసాట్టీ అనే చిన్న ప్రశ్నతో. ఎల్ఎస్ కమాండ్ స్క్రీన్ మీద వరసలుగా చూపించి, పైపులో పెడితే లైనుకొక పేరు ఇచ్చేది దీన్నిబట్టే. రంగులేసి ప్రింట్ చేసే స్క్రిప్ట్ రాస్తే ఆ ప్రశ్న అడగండి, లేకపోతే లాగ్ తెరిచినప్పుడు ప్రతి లైను ముందూ [31 లాంటి పిచ్చి గుర్తులుంటాయి.

హెడ్‌కి పైపు చేసినప్పుడు వచ్చే బ్రోకెన్ పైప్ ఎర్రర్ గురించి కంగారు పడక్కర్లేదు, హెడ్ పది లైన్లు చదివి తలుపేసుకుని పోయింది, మనవాడు ఇంకా రాయబోయాడు, అంతే.

పెర్ల్‌లో నాలుగు రోజులు పనిచేసినవాళ్ళకి తొట్టి సంగతి కొత్త కాదు, పాత పెర్ల్ స్క్రిప్ట్ ఏది తెరిచినా పైన $| = 1 అని ఉంటుంది, అది ఏదో మంత్రం అనుకుని నేనూ కాపీ చేసేవాణ్ణి, ప్రతి ప్రింట్ తర్వాతా తొట్టి ఖాళీ చెయ్యి అని దానర్థం. పీహెచ్‌పీ దీన్ని ఉల్టా వాడుకుంటుంది, ఓబీ_స్టార్ట్ అని కావాలనే తొట్టి పెట్టించి, అందులో పడ్డదాన్ని ఓబీ_గెట్_క్లీన్‌తో స్ట్రింగ్‌గా తీసుకోమంటుంది. అవుట్‌పుట్ పట్టుకోవడానికి నేను చూసినవాటిలో అంత సులువైనది ఇంకోటి లేదు, పీహెచ్‌పీని ఎంత ఆడిపోసుకున్నా ఆ ఒక్క విషయం ఒప్పుకోవాలి.

ఆ స్క్రిప్ట్ సంగతి చెప్పలేదు కదా. లైన్ బఫరింగ్ ఆన్ చేసి, చేరిపోయిన 96 ఫైళ్ళని లిస్టులోంచి తీసేసి, మర్నాడు రాత్రి మళ్ళీ నడిపా. ఈసారి పడుకునే ముందు టెయిల్ మైనస్ ఎఫ్ పెట్టి నాలుగు లైన్లు వచ్చేదాకా కూర్చున్నా, అంటే ఇరవై నిమిషాలు, ఒక్కో లైనూ కళ్ళముందు పడుతుంటే చూస్తూ. పొద్దున్నకి వంద దాకా వచ్చాయి. అప్పుడు గమనించా, రెండోసారి నడిపేటప్పుడు >> (పాతదాని చివర చేర్చేది) బదులు మళ్ళీ > కొట్టానని. పాత లాగ్ తుడిచిపెట్టుకుపోయింది. అందులో పోవడానికి ఏమీ లేదు కాబట్టి సరిపోయింది.